పిట్ట ముట్టలేదు

"పావురం ముడితే లెక్కలకొస్తదా?" అడిగింది సంతోషి.

"రాదు. కాకే ముట్టాలె," అన్నాడు గోపయ్య, తువ్వాల విసిరి పావురాలను తరుముతూ.

ఎల్బీనగర్ వెనక గల్లీలో ఆ ఇంటి దాబా మీద విస్తరాకు పరిచి గంట దాటింది. అండాలమ్మ పోయిన మూడో రోజు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెట్టారు. కాకి ముడితే ఆమె తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకుని పోయినట్టు. అది ముట్టేదాకా కింద ఎవరికీ తిండి లేదు. గల్లీ అంతా కింద ఆకలితో కూర్చుంది. కాకులేమో రెండు, ఎదురుగా సెల్ టవర్ మీద కూర్చుని చోద్యం చూస్తున్నాయి.

సంతోషి మొగుడు శ్రీనివాస్ కొత్త గుండు మీద చెమట తుడుచుకున్నాడు. ఆకు పెట్టింది అతనే. గుండు గీయించుకున్నోడే పెట్టాలని గల్లీ పెద్దమనిషి గోపయ్య అన్నాడు.

"జర తినవే అమ్మా," అన్నాడు మెల్లగా.

"ఏం తక్కువైంది?" గోపయ్య ఆకు మీదికి వంగాడు. "మటనున్నది, కల్లున్నది. మిర్చి బజ్జీలేవి?"

"అవిగో. దిల్‌సుఖ్‌నగర్ పోయి తెచ్చిన. అత్తమ్మ బండి వెట్టిన జాగలనే ఇప్పుడు ఇంకొకాయన ఏస్తుండు," అంది సంతోషి.

ఆ బండిని ఎత్తుకుపోదామని మున్సిపాలిటీ లారీ వచ్చిన ప్రతిసారీ అండాలమ్మే ముందు లారీ ఎక్కి కూర్చునేది, మూకుడుతో సహా. "నూనె కాగుతున్నది, ముట్టుకుంటె మీ ఇష్టం" అనేది. బండి దింపేదాకా తను దిగేది కాదు.

పక్కింటి కుసుమకుమారి గుంటూరు మనిషి. గిన్నెతో మెట్లెక్కి వచ్చింది. "తప్పుకోండి. పిన్నిగారికి నా పులిహోరంటే ప్రాణం."

"ప్రాణమా! పల్లీలు లెక్కవెట్టి ఏస్తవని నీ మొఖం మీదనే అనేది," అన్నాడు గోపయ్య.

"అంటూనే మూడుసార్లు పెట్టించుకునేది! మేం వచ్చిన కొత్తలో ఈ గల్లీకి నీళ్లున్నాయా? నలభై మంది ఆడవాళ్లని విజయవాడ రోడ్డు మీద ఖాళీ బిందెలతో కూర్చోబెట్టింది. ఎస్సై లేవమంటే ఏమందో గుర్తుందా?"

"'మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా, నువ్వే లేపు' అన్నది," సంతోషి అందుకుంది. "నలుగురు వట్టినా లేవలే!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. వేలిముద్ర వేస్తే ఆఫీసుల్లో లెక్కచెయ్యడం లేదని డెబ్భై ఏళ్లకు సంతకం నేర్చుకున్న మనిషి. ఆ సంతకం పడని అర్జీ ఈ గల్లీలో లేదు.

శ్రీనివాస్ మాత్రం నవ్వలేదు.

"మనసుల ఏందో ఉన్నది," అన్నాడు గోపయ్య. "ఆఖరికి నీతోని ఏమన్నదిరా?"

మురికి నాలా బాగుచెయ్యాలని చేసే ధర్నాకు పోతానని అండాలమ్మ అంటే, ఎండకు పడిపోతావని శ్రీనివాస్ గేటుకు తాళం వేశాడు. ఎనభై ఆరేళ్ల మనిషి గేటు మీదికి ఓ కాలు వేసింది కూడా. కిందికి దింపితే, "నువ్వు నాకు కొడుకువే కాదు పో" అంది. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ అలాగే ఒరిగిపోయింది.

"గా మాట మీదనే పోయింది," అన్నాడు. "నేను పెడితే ముట్టదు తాతా. ఇంకెవరన్న పెట్టుండ్రి."

"ఇంకెవరున్నరు?" సంతోషి కసిరింది. "పోయినంక మన హాల్ల పండవెట్టింది నువ్వు. కొరివి వెట్టింది నువ్వు."

కుసుమకుమారి చేతులు జోడించింది. "పిన్నిగారూ, సోమవారం నాలా దగ్గర నేను కూర్చుంటా. తినండమ్మా."

కాకి కదల్లేదు.

"నేను బీడీ బంద్ చేస్త," అన్నాడు గోపయ్య.

"ఆ ముక్క ఆవిడ బతికుండగానే పదిసార్లు చెప్పారు మీరు!"

కింద నుంచి ఎవరో అరిచారు, "ముట్టిందా?" ఆకు మీద మళ్లీ పావురం వాలింది.

శ్రీనివాస్‌కు కాలింది. బుజ్జగింపులన్నీ పక్కన పడేసి రోజూ అరిచినట్టే అరిచాడు. "ఏందే నీ లొల్లి! బతికినన్ని దినాలు గల్లీ మొత్తాన్ని రోడ్డు మీద కూసోవెట్టినవ్. పోయినంక గూడ కూసోవెడతవా? గంత మంది ఆకలితోని సావాల్నా? తింటె తిను, లేకుంటె పో! నీతోని నేను పడ!"

టవర్ మీద రెక్క కొట్టుకుంది. కాకి వచ్చి వాలింది. మటన్ వదిలింది, కల్లు వదిలింది, బజ్జీ ముక్కున పట్టింది. రెండోది పులిహోరలో పల్లీ ఏరుకుంది.

"చూశారా!" కుసుమకుమారి ఎగిరి గంతేసింది.

కింద డప్పు దద్దరిల్లింది. శ్రీనివాస్ పిట్టగోడకు ఆనుకుని, ఏడుస్తూనే నవ్వాడు.

"కొడుకు నోటితోని తిట్లు పడితెగాని ముట్టలే ముసల్ది," అన్నాడు గోపయ్య కళ్లొత్తుకుంటూ.

ఆ ఇల్లు శ్రీనివాస్‌ది. అండాలమ్మ అందులో కిరాయికుండేది.