ఖర్చుపెట్టు నాన్నా

"ఒక్క వారం గడువివ్వండి మేడమ్. మిగిలిందంతా ఖర్చుపెట్టేస్తాం," అంది మార్లిస్.

కౌంటీ సంక్షేమ కార్యాలయంలో బల్లకు అవతల కూర్చున్న డెనీస్ ఆమె వంక వింతగా చూసింది. సాయం కోసం వచ్చేవాళ్ళు డబ్బు లేదని మొత్తుకుంటారు. ఈవిడేమో డబ్బు తరగడం లేదని మొత్తుకుంటోంది.

మార్లిస్ బాధ మార్లిస్‌ది. పక్కనే చక్రాల కుర్చీలో కూర్చున్న తండ్రి ఎల్రాయ్ ఇరవై నెలలుగా వృద్ధుల సంరక్షణ గృహంలో ఉంటున్నాడు. ఆ ఖర్చంతా ఇన్నాళ్ళూ ఆయన ఎప్పుడో కొనుక్కున్న ఇన్సూరెన్సే భరించింది. ఈ నెలాఖరుతో ఆ పాలసీ కాస్తా అయిపోతుంది. ఇక ప్రభుత్వమే ఆదుకోవాలి. కానీ ఖాతాలో రెండు వేల డాలర్లు మించి ఉంటే ప్రభుత్వం చిల్లిగవ్వ ఇవ్వదని చర్చిలో కాఫీ తాగే ఆడవాళ్ళందరూ ఏకకంఠంతో చెప్పారు. ఎల్రాయ్ ఖాతాలో ఇంకా అరవై వేలున్నాయి. దరఖాస్తు తిరగ్గొడితే ఆ గృహం నెలకు తొమ్మిది వేల చొప్పున దాన్ని ఊడ్చేస్తుంది. అదంతా విస్కాన్సిన్ చలిలో తెల్లవారకముందే లేచి, జీవితమంతా చీజు ఫ్యాక్టరీలో పాలు మరగబెట్టి ఆయన దాచిన సొమ్ము. అది తలుచుకుంటే మార్లిస్‌కు అన్నం సయించడం లేదు.

నిజానికి మార్లిస్ ఎంగిలిచేత్తో కాకిని తోలే మనిషి కాదు. అల్యూమినియం రేకును కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడుతుంది. తండ్రి లెక్కలు తన చేతికి వచ్చినప్పటి నుంచి ఆయన్నూ అలాగే నడిపింది. అలాంటిది, ఎలాగూ పోయే డబ్బు బిల్లులపాలు కావడం కన్నా నాన్న ఒంటికి పట్టడం మేలని గుండె రాయి చేసుకుంది. శనివారం వస్తే చాలు, ఆయన్ను బజారుకు తోలుకుపోయి కొనుక్కో, కొనుక్కో అని వెంటపడింది.

ఎల్రాయ్ కాదనలేదు. పళ్ళు కట్టించుకున్నాడు. చెవులకు మేలైన మిషన్లు పెట్టించుకున్నాడు. మీట నొక్కితే వెనక్కి వాలే తోలు కుర్చీ కొనుక్కున్నాడు. పోల్కా పాటలు వాయించుకోవడానికి కాన్సర్టీనా అనే చిన్న చేతి హార్మోనియం కొనుక్కుని గృహంలో ముసలమ్మలందరి చేతా చిందులు వేయించాడు. చివరికి తన శవపేటికకు కూడా ముందే డబ్బు కట్టించాడు. ఓక్ చెక్క, లోపల నీలం పట్టు. ఒకసారి పడుకుని చూస్తే గానీ కొననని పట్టుబడితే ఇద్దరు మనుషులు పట్టుకుని పడుకోబెట్టారు. బాగుంది, కాస్త నడుము దగ్గరే ఇరుకు అన్నాడట.

ఇదంతా మార్లిస్ ఏకరువు పెడుతుంటే ఎల్రాయ్ మధ్యలో కలగజేసుకున్నాడు.

"అమ్మాయ్, గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే గుడిసె ఒకటి కొందామా? లోపల పొయ్యి ఉన్నది."

"కొందాం నాన్నా. కావాలంటే రెండు కొందాం. నువ్వు కాసేపు ఊరుకో."

డెనీస్ నవ్వాపుకుని, ఆ ఇన్సూరెన్సు ఏ రకందో, ఎప్పుడు కొన్నారో అడిగింది. కంప్యూటర్లో ఏదో వెతికింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఇంక ఏ గుడిసెలూ కొననక్కర్లేదంది.

మార్లిస్ ముఖం పాలిపోయింది. "అంటే దరఖాస్తు తిరగ్గొట్టేసినట్టేనా?"

"కాదండీ, ఒప్పుకున్నట్టే. మీ నాన్నగారిది మన రాష్ట్రంతో ఒప్పందం ఉన్న పాలసీ. ఇలాంటి పాలసీ సంరక్షణ కోసం ఎంత చెల్లించిందో, అంత సొంత డబ్బు ఆయన దగ్గర ఉంచుకోవచ్చు. దాన్ని మేం లెక్కలోకే తీసుకోం. ఆయన తర్వాత కూడా దాని జోలికి రాం."

"ఎంత చెల్లించింది?"

"లక్షా ఎనభై వేలు."

మార్లిస్‌కు ముందు సంతోషం ముంచుకొచ్చింది. నాన్న సొమ్ము దక్కింది, నాన్నకు గృహంలో మంచమూ దక్కింది. లేచి బల్ల మీదుగా వంగి డెనీస్ రెండు చేతులూ పట్టుకుంది. మరుక్షణం ఆ చేతులు అలాగే ఉండిపోయాయి.

"అయితే ఇప్పటిదాకా ఖర్చుపెట్టింది?"

"అదేం పెట్టాల్సిన పనే లేకపోయిందండీ," అంది డెనీస్ మెల్లగా.

మార్లిస్ కుర్చీలో కూలబడింది. పళ్ళు, చెవులు, కుర్చీ, కాన్సర్టీనా, పేటిక. నాలుగు నెలల శనివారాలు కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. వెనక్కి ఇచ్చేద్దామంటే పళ్ళు నోట్లో ఉన్నాయి, మనిషి పడుకుని లేచిన పేటికను దుకాణంవాడు ముట్టుకోడు. కోపం నషాళానికి ఎక్కింది. ఇంత ముఖ్యమైన సంగతి చెప్పకుండా పాలసీ అంటగట్టిన ఆ ఏజెంటెవరో పేరు చెప్పమంది. ఇప్పుడే వాడింటికి వెళ్ళి, వాడి పెళ్ళాం ముందే కడిగేసి వస్తానంది.

"చెప్పు నాన్నా. ఎవడు వాడు?"

ఎల్రాయ్ కొత్త పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"పాపం, అతన్నేమీ అనకే. కొన్న రోజే నాకు అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. నేనది నీకు చెప్పి ఉంటే, నీ జన్మలో ఒక్కసారైనా 'ఖర్చుపెట్టు నాన్నా' అనేదానివా తల్లీ?"