తలమీద ఒట్టు

బడి వ్యాను ఎక్కించబోతుంటేనే సహన బిగుసుకుపోయింది.

కళ్లు పైకి తేలిపోయాయి. కుడిచెయ్యి టపటపా కొట్టుకుంటోంది.

అర్చన ఇంట్లోకి పరుగెత్తి తాళంచెవుల గుత్తి తెచ్చి పాప గుప్పిట్లో పెట్టింది. ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని తన తల్లి చెప్పిన మాట.

"అది తీసెయ్యి తల్లీ, గుచ్చుకుంటాది," అంటూ వ్యాను ఆయా చౌడమ్మ పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

కాసేపటికి సహన ఊపిరి కుదుటపడింది.

"ఎప్పట్నుంచి ఉండాది ఇది?"

అర్చన తల దించుకుంది. "చిన్నప్పట్నుంచీ."

"బడిలో చెప్పినావా?"

"చెప్తే సీటిస్తారా అవ్వా?"

ఐదేళ్ల సహన నడవదు, మాట్లాడదు. నోటితో మింగలేదు. పొట్టకు అమర్చిన గొట్టంలోంచే పాలూ జావా పొయ్యాలి. అలాంటి పిల్లను చేర్చుకున్న బడి బెంగళూరు యలహంక మొత్తం మీద అదొక్కటే దొరికింది. మూర్ఛలేమైనా వస్తాయా అని వాళ్లు అడిగితే అర్చన తడుముకోకుండా రావంది. రాత్రంతా పాప పక్కన కూర్చునే మనిషి. పాప బడిలో ఉన్న ఆ కాస్త సేపే ఆమె కంటికి కునుకు.

"చెప్పేయ్ తల్లీ. దాస్తే మంచిది కాదు."

"నీ కాళ్లు మొక్కుతా అవ్వా. నువ్వు చెప్పొద్దు."

అర్చన ఆయా చెయ్యి లాగి పాప తలమీద పెట్టింది. "ఒట్టెయ్యి."

చౌడమ్మ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. అర్చన వదల్లేదు.

"చెప్పనులే," అంది చివరికి.

మర్నాడే బడి నుంచి ఫోను. ప్రిన్సిపాల్ వరూధిని మేడమ్ పాపను తీసుకుని వెంటనే రమ్మంది.

"మూర్ఛ సంగతి మా దగ్గర దాచారు. మిమ్మల్ని నమ్మి పాపను ఎలా ఉంచుకోమంటారు?"

అర్చన పాపను ఎత్తుకుని లేచింది. ఆ సంగతి తెలిసిన బయటి మనిషి ఒక్కతే.

బయటికొచ్చేసరికి చౌడమ్మ వరండాలో పిల్లల చెప్పులు సర్దుతోంది.

"బిడ్డ తలమీద ఒట్టేసి తప్పుతావా? నమ్మించి గొంతు కోశావు గదే! నా బిడ్డకేమన్నా అయితే ఆ పాపం నీది."

చౌడమ్మ తలెత్తలేదు. "తిట్టు తల్లీ," అని మాత్రం అంది.

ఈ పిల్లను ఏ ఆశ్రమంలోనో వదిలేయమని అత్తింటివాళ్లు అన్నప్పుడు కూడా అర్చన కడుపు ఇంతగా మండలేదు. వాళ్లమీద ఆమెకు ఎన్నడూ ఆశ లేదు. ఈ ముసలిదాన్ని మాత్రం సొంత అవ్వలా నమ్మింది.

ఆ మంటతోనే మళ్లీ మేడమ్ గదిలోకి వెళ్లింది.

"నేను చెప్దామనే అనుకుంటిని మేడమ్. చెప్తే సీటు పోతాదని మీ ఆయానే భయపెట్టింది."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మేడమ్ చౌడమ్మను పిలిపించింది. "చెప్పొద్దని నువ్వే భయపెట్టావట, నిజమేనా?"

చౌడమ్మ అర్చనను చూసింది. ఆమె భుజంమీద వాలిపోయి ఉన్న సహనను చూసింది.

"ఔనమ్మా. నేనే వద్దన్నాను."

"మరి నువ్వే వచ్చి నాకెందుకు చెప్పావు?"

"భయమయ్యె."

సాయంత్రానికి ఆయా పని పోయింది. సహన సీటు నిలిచింది. మేడమ్ ఒకటే షరతు పెట్టింది. మూర్ఛ వస్తే ముక్కులో కొట్టే మందు డాక్టరుతో రాయించి తేవాలి, అది ఎప్పుడూ వ్యానులోనే ఉండాలి, కొట్టడం కొత్త ఆయా నేర్చుకోవాలి.

అర్చనకు జాలి కలగలేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు, తగిన శాస్తి అనుకుంది. రెండో మనిషిని ఈ జన్మలో నమ్మనని కూడా అనుకుంది.

ఉగాది వెళ్లాక ఒకరోజు, బడికి వెళ్లే దారిలో ట్రాఫిక్ కదలక వ్యాను ఇరుక్కుపోయింది. సహనకు మూర్ఛ మొదలైంది. ఈసారి తనంతట తాను ఆగలేదు. కొత్త ఆయా జ్యోతి గబగబా మందు తీసి ముక్కులో కొట్టింది. డ్రైవరు నంజప్ప ఎలాగో సందు చేసుకుని నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు.

అర్చన ఆటోలో ఏడుస్తూ వచ్చేసరికి పాప నిద్రపోతోంది.

"బండిలో మందుంది కాబట్టి సరిపోయింది," అన్నాడు డాక్టరు. "లేకుంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు."

అర్చన గోడ పట్టుకుని నిలబడింది. మేడమ్‌కు తెలియకపోయుంటే ఆ మందు బండిలో ఉండేదే కాదు.

బయట వ్యాను దగ్గరికి వెళ్లింది.

"నంజప్పన్నా, చౌడమ్మవ్వ ఇల్లెక్కడ?"

"ఖాళీ చేసి పాయె. ఏ ఊరో నాకూ చెప్పలే."

"ఎందుకు చెప్పేసిందో నాకొక్క మాట అనుండొచ్చు గదా. ఎన్నెన్ని మాటలంటిని! పైగా లేనిపోని అబద్ధం కూడా..."

నంజప్ప వ్యాను తలుపు మూసి ఆమె వైపు తిరిగాడు.

"ముందు నేను వేరే బడికి బండి తోలుతుంటి. చౌడమ్మ మనవడు దాంట్లోనే వస్తుండె, తోడుగా ఆయమ్మా ఎక్కుతుండె. వానికీ ఇదే జబ్బు. బడికి తెలిస్తే సీటు పోతాదని, చెప్పొద్దని, ఆయమ్మే నా చేతులు పట్టుకుని ఏడ్చె."

"చెప్పినావా?"

"లేదమ్మా, ఇచ్చిన మాట నేను తప్పలే, ఆ బిడ్డ నా బండిలోనే, ఆయమ్మ ఒళ్లోనే పోయినాడు."