ముందే తెలిసిన దొంగ

“దొంగెవడే సంగీతా?” ఎల్లవ్వ కూతురి చెవిలో అడిగింది. తెరమీద డిటెక్టివ్ పరుగెడుతున్నాడు. భర్త మొండయ్య పోయాక ఆమె సినిమాహాలుకు రావడం ఇదే మొదలు.

“జర ఆగవ్వా, వాళ్లే చెప్తరు.”

“మీ నాయినైతే ఇంటర్వెల్‌కే చెప్తుండె. ఒక్కపారి తప్పలే. ఏం తెలివే ఆయనది!”

సంగీత కిసుక్కున నవ్వింది.

“తెలివా? నైట్ షిఫ్ట్ దిగి, సచిన్ టాకీస్‌ల మార్నింగ్ షో సూసొస్తుండె. మళ్ల నీతోని కొత్తగ సూసినట్టు కూసుంటుండె! నీకు చెప్పొద్దని నాకు సమోసాలు కొనిచ్చెటోడు.”

ఎల్లవ్వ తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వింది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

“దొంగ సచ్చినోడు!”

ఎన్నో ఏళ్లు ఆయన్ని ముద్దుగా తిట్టిన తిట్టే. రెండో మాట ఇప్పుడే చెవిన పడ్డట్టు ఆమె ఆగిపోయింది.

“దొంగ,” అని మాత్రం మళ్లీ అంది, మెల్లగా.