పత్తి సెలవులు

బడి మానేసిన ఆడపిల్లల కోసం గద్వాలలో నడిపే మా శిబిరానికి ఆ ఏడు కేలండర్ నేనే రాశాను. విత్తన పత్తి చేలల్లో పువ్వుకు పువ్వు రుద్దే క్రాసింగ్ పని రెండు నెలలుంటుంది. పిల్లలు ఎలాగూ పోతారని ఆ రెండు నెలలూ సెలవులిచ్చాను. ఇక ఎవరికీ గైరుహాజరు పడదు. పైవాళ్లు చప్పట్లు కొట్టారు. "పిల్లల జీవితాన్ని గౌరవించే కేలండర్" అన్నారు. నేనూ నమ్మాను, కొంచెం.

సెలవుల మొదటి రోజు మా శిబిరం పిల్ల జమ్ములమ్మ పెట్టె సర్దుకోలేదు.

"ఏమే, ఇంటికి పోవా?"

"పోను మేడం. పోయినేడు మా నాయిన పత్తి పనికి తోల్కపోనీకి వస్తే, బడి నడుస్తుంది, పంపనని మీరే లొల్లి చేసిన్రు గద. గిప్పుడు గూడ గట్లనే అనుండ్రి."

గేటు దగ్గర జీపు ఆగింది. పత్తి రైతు దిగాడు. అతని చేతిలో మా కేలండరే ఉంది.

"దండాలు మేడం! ఏటా పిల్లల కోసం ఇల్లిల్లు తిరిగి పరేషాన్ అయితుంటిమి. ఈపారి మీరే తారీఖులు రాసిస్తిరి. జర జల్ది ఎక్కియ్యుండ్రి."

జమ్ములమ్మ ఆ కాగితం అందుకుంది. మేం నేర్పిన అక్షరాలతో, కింద ఉన్న నా పేరును కూడబలుక్కుని చదివింది.

తర్వాత పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.