గడప దాటని నొప్పి

"అరిచావంటే చూడు! నొప్పుల సంగతి ఎంతమంది చెవిన పడితే అన్ని గడియలు ఎక్కువ నొప్పులు పడాల," అంటూ కాంతమ్మ కోడలి గది తలుపు దగ్గరికి వేసింది.

"నాకింకా ఎనిమిదో నెలే గదత్తా," అంది లోపలినుంచి ఫిలోమినా. "నొప్పంటే వచ్చి పోతదంటారు. ఇది పొద్దుట్నించి పోనే పోలా. పొట్ట రాయల్లే అయింది. బిడ్డ కదలటంలా."

"కడుపన్నాక నొయ్యకుండా ఉంటదా? వాము కషాయం కాస్తా. నోరు మూసుకొని పడుకో."

ఫిలోమినా చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భర్త ఇన్నయ్య యుద్ధంలో ఉన్నాడు. ఏ ఊళ్ళో ఉన్నాడో ఉత్తరంలో రాయనివ్వరట. కారంపూడిలో ఉన్న అమ్మకు కబురు పెట్టమంటే, "ఆమె చెవి చెవి కాదా?" అంది అత్త.

వాకిట్లో పొరుగింటి బసవమ్మ గొంతు వినిపించింది.

"జల్లెడ ఉందా కాంతమ్మొదినా? ఏంది, కోడలి అలికిడే లేదు?"

"నిద్దరపోతంది."

"ఈ ఏళప్పుడా! మారాణి!"

బసవమ్మ జల్లెడ తీసుకొని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఫిలోమినా చెవులు రిక్కించి వింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అప్పుడే తొడల మధ్య వెచ్చగా తగిలింది. తడిమి చూసుకుంది. నెత్తురు.

వీధంతా వింటే ఎన్ని గడియలు పడాలి? ముప్పై ఇళ్ళు. పడతాను, అనుకుంది. కొంగు లాగేసి, ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

బసవమ్మ జల్లెడతోనే పరుగెత్తుకొచ్చింది. చీర చూసి, వీధిలోకి కేక పెట్టింది. "ఒరేయ్ ఏసోబూ, బండి కట్టరా! ఆసుపత్రికి!"

"ఇంకో గంట ఆగుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ, కాంతమ్మతో. "ఇట్లా విడవని నొప్పి వచ్చినా, నెత్తురు కనపడినా, నెలలు లెక్కపెడుతూ కూర్చోకూడదు."

మర్నాడు ఫిలోమినా కళ్ళు తెరిచేసరికి పక్కన దూదిలో చుట్టిన పిడికెడు ఆడపిల్ల. కాళ్ళ దగ్గర అత్త.

"తిట్టత్తా. వీధి వీధంతా వినేట్టు అరిచాను."

కాంతమ్మ కోడలి కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఇన్నయ్యకు ముందు నాకూ ఆడపిల్లే, దక్కలా. ఆ రోజు నేను అరవలా."