బుర్హాన్ చాచా ఐరన్ లెగ్

"చాచా, ఇవాళ మీరు బస్సులో కూర్చునేది లేదు. మ్యాచ్ చూడాలె," అంది మాలతి.

బుర్హానుద్దీన్ చేతిలోని కరక్ చాయ్ తొణికి ప్యాంటు మీద పడింది.

పడదూ మరి! దోహాలో ఓ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్‌కి ఆయన బస్సు డ్రైవరు. సీజన్ మొదట్లో సరదాపడి రెండు మ్యాచ్‌లు చూశాడు. రెండూ చిత్తుగా ఓడిపోయారు. మొదటి మ్యాచ్‌లో ఆయన చప్పట్లు కొట్టినప్పుడల్లా అవతలివాళ్లకి గోల్ పడింది. రెండోదాంట్లో "షాబాష్ ఆఫియా!" అని అరిచిన మరుక్షణం ఆఫియా కాలు మడతపడింది.

"మీది ఐరన్ లెగ్ చాచా. ఏమనుకోవద్దు," అని అప్పుడే చెప్పేసింది కెప్టెన్ మాలతి. వాళ్లది జగిత్యాల, తండ్రికి అల్ ఖోర్‌లో గ్యాస్ కంపెనీ ఉద్యోగం. బుర్హానుద్దీన్‌ది కోరుట్ల. సొంత జిల్లా పిల్ల అన్న మాటకి ఆయన ఏమీ అనుకోలేదు. పైగా ఆయనకీ ఆ అనుమానం ముందునుంచే ఉంది. దోహాలో వరల్డ్ కప్ జరిగినప్పుడు ఆయన ఏ దేశం జెండా కొంటే ఆ దేశం వాళ్లు పెట్టేబేడా సర్దుకుని విమానం ఎక్కేశారు. చివరికి నజ్మా బజారులో జెండాలమ్మే మలయాళీ "మా టీమ్ జెండా మాత్రం అడగకండి సాబ్" అని దండం పెట్టాడు.

అప్పట్నుంచి మ్యాచ్ మొదలవగానే బుర్హానుద్దీన్ బస్సులోకి వెళ్లిపోయి, కర్టెన్లు లాగేసి, గ్రౌండుకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఆయన అటు తిరగడమేమిటి, ఇటు అమ్మాయిలు గెలవడం మొదలుపెట్టారు. గెలిచి గెలిచి ఫైనల్‌కొచ్చారు. ఆ కాలేజీ కప్పు మొహం చూసిన పాపాన పోలేదు. ఈసారైనా ఎత్తుకుపోవాలని మాలతికి నిద్రపట్టడం లేదు.

ఆ ఉదయం మదీనత్ ఖలీఫాలో ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య జహనారా కూడా అడిగింది. "ఫైనల్ నాడు గూడ బస్సులనే కూసుంటవా?"

"కూసుంట. నేను చూస్తే ఏమైతదో నీకెరుకే గద."

జహనారాకి క్లినిక్‌లో నర్సు డ్యూటీ. లేకపోతే తనే వెళ్లి ముందు వరసలో కూర్చునేది. "సరే, గెలిచినంక ముందుగాల నాకే ఫోన్ రావాలె," అంది.

ఇప్పుడేమో మాలతి ఇలా అంటోంది.

"నేను చూస్తే మీరు ఓడిపోతరు బిడ్డా!"

"మా దిక్కు కాదు చాచా. అటు కూర్చోవాలె." మాలతి బ్యాగులోంచి ఎదుటి కాలేజీ ఆకుపచ్చ స్కార్ఫ్ తీసి ఆయన మెడలో వేసింది. "వాళ్ల కోసం గొంతు చించుకుని అరవండి. మీరు ఎవరికి జై కొడితే వాళ్లు మటాష్ కదా? ఇవాళ వాళ్లు మటాష్!"

కెప్టెన్ తెలివికి బస్సంతా చప్పట్లతో ఊగిపోయింది. బుర్హానుద్దీన్ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"వద్దు బిడ్డా. వాళ్లు గూడ పిల్లలే గద. ఉత్త పుణ్యానికి నా కాలు అటు పెట్టుడెందుకు? నన్ను బస్సులనే ఉండనీ."

"చూశారా, పరాయి టీమ్‌కి జై కొట్టడానికి చాచాకి మనసు రావట్లేదు," అని కరిగిపోయింది ఆఫియా.

మాలతి కరగలేదు. "మన కప్పు కోసం ఈ ఒక్కటీ చెయ్యండి. యల్లా చాచా!"

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆకుపచ్చ గుంపు మధ్యలో కూర్చోబెట్టింది.

కూర్చున్నాడు. బంతి వంక చూడకుండా ఫ్లడ్‌లైట్లు చూశాడు, పాప్‌కార్న్ డబ్బా చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. పెదాలు మాత్రం దువా చదువుతూనే ఉన్నాయి. మాలతి మైదానంలోంచి 'అరవండి, అరవండి' అని సైగలు చేస్తూనే ఉంది. ఆయన అరవలేదు. ఆకుపచ్చ టీమ్ ఒక గోల్ కొట్టింది.

చివరి నిమిషాల్లో మాలతి టీమ్‌కి పెనాల్టీ దొరికింది. ఇది పడితే స్కోరు సమం. బంతి ముందు మాలతి. గోల్ ముందు, తలకి నల్ల స్కార్ఫ్ బిగించి కట్టుకున్న బక్కపలచటి గోల్‌కీపర్. మాలతి వెనక్కి తిరిగి బుర్హానుద్దీన్ వంక కొరకొరా చూసింది. ఇప్పుడన్నా అరుస్తావా, చస్తావా అన్నట్టు.

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచాడు. ఇక ఆగలేకపోయాడు. ఒక్కసారిగా లేచి నిలబడి, గ్యాలరీ అదిరేలా అరిచాడు.

"పట్టు! పట్టు బిడ్డా, పట్టూ!"

మాలతి తన్నింది. గోల్‌కీపర్ గాల్లోకి ఎగిరి, బంతిని రెండు చేతులా పట్టేసుకుంది.

ఖలాస్. కాసేపటికే విజిల్ మోగింది.

మాలతి రుసరుసలాడుతూ గ్యాలరీ దగ్గరికొచ్చింది. "చాచా, మనసు పెట్టి అరిచారా లేదా?"

"అల్లా సాక్షి బిడ్డా! ఇంత మనసు పెట్టి నా జన్మల అరవలే."

"మరి మీ ఐరన్ లెగ్ ఏమైంది?"

బుర్హానుద్దీన్ తన కాలు వంక అయోమయంగా చూసుకున్నాడు. ఆయన చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. అది చూసేసరికి మాలతి కోపమంతా చల్లారిపోయింది. ఈయన మనకంటే ఎక్కువ బాధపడుతున్నాడే అనుకుంది.

"ఏడవకండి చాచా. వచ్చే ఏడు మనమే గెలుద్దాం," అని స్కార్ఫ్ కొసతో ఆయన కళ్లు తుడవబోయింది.

అంతలో ఆకుపచ్చ టీమ్ గోల్‌కీపర్ గ్లోవ్స్ విప్పుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆయన మెడకి వేలాడి, "అబ్బూ, అమ్మీకి ఫోన్ నువ్వు చేస్తవా, నన్ను చెయ్యమంటవా?" అంది.