పేరిందేవి పెరుగు గిన్నె

చంద్రుడి కూటమి నుంచి భూమి తప్పుకున్నాక, చంద్రుడి మీద కాపురముంటున్న భూమివాళ్ల ఇళ్లకు తనిఖీ యంత్రాలు వచ్చాయి. ఏడేళ్లు ఎడతెగకుండా ఉన్నవాళ్లకే ఉండే హక్కు. లేకపోతే తిరుగు ఓడ ఎక్కాల్సిందే.

"రుజువేదండీ?" అంది పేరిందేవి గుమ్మంలోకి వచ్చిన యంత్రం.

పేరిందేవికి ఒళ్లు మండి, పెరుగు గిన్నె ముందు పెట్టింది. "భూమి నుంచి తెచ్చుకున్న తోడు. ఏడేళ్లుగా రోజూ పాలల్లో వెయ్యకపోతే ఏనాడో పాడయ్యేది."

"మీరు లేనప్పుడు పక్కింటివాళ్లు వేసుండొచ్చుగా?"

అంతలోనే పక్కింటి లియోనీ ఖాళీ గిన్నెతో వచ్చింది. "పిన్నిగారూ, ఇవాళ కూడా అడుగుదాకా ఊడ్చి తినేశాం. కాస్త తోడివ్వరూ!" ఆమె వెనక మరో మూడిళ్లవాళ్లు, గిన్నెలతోనే.

యంత్రం ఆ ఖాళీ గిన్నెలన్నీ చూసి, తలుపు మీద పచ్చముద్ర వేసింది. "తోడు నిలిపింది మీరేనన్నమాట. మిమ్మల్ని పంపేస్తే ఈ వీధికి పెరుగుండదండీ."

"ఇప్పుడు తెలిసిందా! పక్కకు తప్పుకో నాయనా, పాలు చల్లారిపోతున్నాయి."